ముగింపు రాయలేని జబ్బు

పోయిన వేసవిలో ఒక స్నేహితురాలు నాకు ఈ-బుక్ ఒకటి పంపింది. కింద చిన్న మెసేజ్: "చదివి చెప్పు. మందు సంగతి డాక్టర్ని అడుగుతాలే. ఈవిడ నిజమే చెప్తోందా, కథలు చెప్తోందా? అదొక్కటి చెప్పు చాలు."

తనకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలి నాలుగేళ్లయింది. ఒకరోజు పొద్దున్నే ఎడమ కంటికి ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనబడింది. కన్ను కదిపితే నొప్పి. కొన్ని వారాలకి చూపు తిరిగొచ్చింది, అందరం మర్చిపోయాం. ఏడాది తర్వాత కుడికాలు మాట వినడం మానేసింది. ఎమ్మారై తీస్తే మెదడులోనూ వెన్నుపాములోనూ మచ్చలు. ఇప్పుడు ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో ఒక పూట ఉండి రిటుక్సిమాబ్ ఎక్కించుకుని వస్తుంది. ఆఫీసుకి వెళ్తుంది. లిఫ్ట్ పనిచేయని రోజు మెట్రో స్టేషన్ నుంచి వెనక్కి తిరిగి వచ్చేస్తుంది.

తను పంపిన పుస్తకం అనా క్లాడియా డొమెనె రాసిన 'మల్టిపుల్ స్క్లెరోసిస్ అండ్ లాట్స్ ఆఫ్ విటమిన్ డి'. 2016లో వచ్చింది. 'లాట్స్ ఆఫ్' అన్న మాటని అట్ట మీద బ్రాకెట్లలో వేశారు, ఏదో గుట్టుగా చెవిలో చెప్తున్నట్టు. దాని కింద ఇంకో వరుస: కొయింబ్రా ప్రోటోకాల్‌తో నా ఎనిమిదేళ్ల చికిత్స అని. పుస్తకంలో ఏముందో ఆ రెండు వరుసల్లోనే ఉంది. ఒక జబ్బు, ఒక విటమిన్, ఒక 'నా', ఒక కాలం లెక్క.

నేను పుస్తకాల గురించి రాసుకునే మనిషిని, వైద్యం నాకు తెలీదు. కానీ తను అడిగింది వైద్యం గురించి కాదు. ఒక కథనాన్ని నమ్మొచ్చా అని. అది సాహిత్య విమర్శ చేయాల్సిన పనే. మనం ఎప్పుడూ నవలలకీ కథలకీ వాడే పనిముట్లు ఒక మనిషి మందు మానేయాలా వద్దా అన్న దగ్గర ఏ మాత్రం పనికొస్తాయో చూద్దామని కూర్చున్నాను.

ముందు ఆ చికిత్స ఏమిటో చెప్పాలి. మన మెదడు, వెన్నుపాము నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, కరెంటు వైరు చుట్టూ ఉండే తొడుగులాగా. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే ఆ పొరని శత్రువనుకుని కొరికేయడం ఎమ్మెస్. సిసెరో గల్లి కొయింబ్రా బ్రెజిల్‌లోని సావో పాలోకి చెందిన న్యూరాలజిస్టు. ఈ రోగుల శరీరం విటమిన్ డి ని సరిగ్గా అందుకోలేదని, ఆ మొండితనాన్ని దాటాలంటే చాలా పెద్ద మోతాదు కావాలని ఆయన వాదన. ఎంత పెద్దదంటే, సుమారు కిలో బరువుకి రోజుకి వెయ్యి యూనిట్లతో మొదలవుతుంది. పారాథైరాయిడ్ హార్మోన్ ఎంత తగ్గిందో చూసుకుంటూ మోతాదు మారుస్తారు.

ఈ అంకె మనకి అర్థం కావడానికి ఒక దారి ఉంది. మన ఊళ్లలో డి తక్కువుందంటే డాక్టర్లు రాసే 60 వేల యూనిట్ల సాషే గుర్తుందా? వారానికొకటి, ఎనిమిది వారాలు, పాలల్లో కలుపుకుని తాగమంటారు. అరవై కిలోల మనిషి ఈ పద్ధతిలో దాన్ని రోజూ తాగాలి. ఏళ్ల తరబడి. అమెరికాలో మామూలు మనిషికి సిఫార్సు చేసేది రోజుకి 600 యూనిట్లు, దాటకూడదని చెప్పే హద్దు 4,000.

పైగా పాలల్లో కలుపుకోవడం కుదరదు. అంత విటమిన్ డి ఒంట్లో ఉంటే పేగులు కాల్షియంని విపరీతంగా పీల్చుకుంటాయి. అది రక్తంలో పేరుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకని పాలు, పెరుగు, జున్ను బంద్. రోజుకి కనీసం రెండున్నర లీటర్ల నీళ్లు. రక్తం, మూత్రం పరీక్షలు క్రమం తప్పకుండా. మానసిక ఒత్తిడి లేకుండా చూసుకోవాలన్నది ఇంకో నియమం. పెరుగన్నం, మజ్జిగ లేకుండా ఎనిమిదేళ్లు అంటే మనవాళ్లలో చాలామందికి అదే పెద్ద జబ్బు. నా స్నేహితురాలు నవ్వింది కానీ నీళ్ల దగ్గర నవ్వలేదు. ఎమ్మెస్‌లో చాలామందికి మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. "రెండున్నర లీటర్లు తాగి మీటింగులో ఎలా కూర్చోను?" అంది. అచ్చులో 'నీళ్లు ఎక్కువ తాగాలి' అన్న సూచన చాలా అమాయకంగా కనిపిస్తుంది. ఒక్కో సూచనా ఎవరి ఒంటి మీదికి వెళ్తుందో దాన్నిబట్టి దాని బరువు మారుతుంది.

ఇప్పుడు పుస్తకం సంగతి. దీన్ని కొట్టిపారేయడం సులువు. నాకు ఆ సులువు దారి నచ్చలేదు. డొమెనె రోగిగానే రాస్తారు, డాక్టర్ వేషం కట్టరు. తనకి ఈ చికిత్సతో జబ్బు ఆగిందని చెప్తారు. ఆ చెప్పడంలో నాకు బూటకం కనిపించలేదు. ఇలాంటి పుస్తకాలకి పాఠకులు ఎక్కడినుంచి వస్తారో అర్థం చేసుకోవాలంటే మామూలు ఓపీ గదిలో ఒకసారి కూర్చోవాలి. తనతో పాటు నేను రెండుసార్లు కూర్చున్నాను. రెండున్నర గంటలు ఎదురుచూపు, ఎనిమిది నిమిషాల మాట. "మళ్లీ ఎప్పుడొస్తుంది సార్?" అంటే "చెప్పలేం." "నడక పోతుందా?" "చెప్పలేం." అవి నిజాయితీ గల జవాబులే, ఎవరూ చెప్పలేరు. కానీ 'చెప్పలేం' అన్న మాట పట్టుకుని మనిషి ఇంటికెళ్లి ఏం చేయాలి? ఆ రాత్రి ఒంటిగంటకి ఫోన్లో ఎవరో 'నేను చెప్తాను' అంటారు. రోజువారీ చేయాల్సిన పనులు, కొలతలు, అంకెలు ఇస్తారు. ఆధునిక వైద్యం రోగిని వాక్యంలో కర్మగా పెడుతుంది: నీకు ఎక్కిస్తాం, నిన్ను స్కాన్ చేస్తాం. ఈ పుస్తకాలు కర్తని చేస్తాయి: నేను తాగాను, నేను మానేశాను, నేను కోలుకున్నాను. ఆ వ్యాకరణం మార్పే సగం మందు. దాన్ని వెక్కిరించే హక్కు నాలాంటి ఆరోగ్యవంతుడికి లేదు.

చిక్కు ఆ వ్యాకరణంలో లేదు, కథ అల్లికలో ఉంది. ఈ తరహా పుస్తకాలన్నిటికీ దాదాపు ఒకటే నడక: మంచి రోజులు, జబ్బు, డాక్టర్ల నిస్సహాయత, అట్టడుగు, ఒక కొత్త దారి, కోలుకోవడం. దీనికి దగ్గరగా మనకి బాగా తెలిసిన మౌఖిక ప్రక్రియ ఒకటుంది, చర్చిలో సాక్ష్యం చెప్పడం. ఆదివారం ఒకరు లేచి నిలబడి, నేను మంచాన పడ్డాను, ప్రార్థించాను, లేచాను అంటారు. అబద్ధం కాదు, ఆ మనిషి నిజంగానే లేచారు. కానీ అంతే ప్రార్థించి లేవలేని మనిషి ఆ ఆదివారం గుడికి రాలేదు కాబట్టి మైకు ఆయన చేతికి వెళ్లలేదు. సాక్ష్యం అబద్ధమని ఎవరూ అనక్కర్లేదు, అది వినే గదిలో ఎవరు లేరో అడిగితే చాలు. విటమిన్ పుచ్చుకుని ఫలితం లేక మానేసినవాళ్లు, కిడ్నీలు పాడై ఆపేసినవాళ్లు 'నా రెండేళ్ల చికిత్స' అని పుస్తకం రాయరు. రాసినా దాన్ని అర్ధరాత్రి ఎవరూ ఎవరికీ ఫార్వర్డ్ చేయరు.

ఎమ్మెస్‌కి ఉన్న తీరు ఈ కథకి ఇంకా సాయం చేస్తుంది. రోగుల్లో సుమారు 85 శాతం మందికి ఈ జబ్బు మొదట్లో వస్తూ పోతూ ఉంటుంది. ఒక దాడి, తర్వాత పూర్తిగానో సగంగానో కోలుకోవడం, నెలలో ఏళ్లో ప్రశాంతత. నా స్నేహితురాలి కన్ను దానంతటదే బాగుపడిన రోజుల్లో తను ఏ కషాయం తాగుతూ ఉన్నా ఆ కషాయానికి పేరొచ్చేది. పైగా మనుషులు కొత్త వైద్యం వెతుక్కునేది ఎప్పుడు? మరీ అధ్వానంగా ఉన్నప్పుడు. అక్కణ్ణించి చూస్తే తర్వాతి ఏడాది ఏదైనా కొంచెం మెరుగ్గానే ఉంటుంది. కథకుడికి కావలసిన మలుపుని జబ్బే తెచ్చి చేతిలో పెడుతుంది.

ఇదే ప్రక్రియలో ఇంకా పేరున్న పుస్తకం టెర్రీ వాల్స్‌ది, 2014లో వచ్చిన 'ది వాల్స్ ప్రోటోకాల్'. ఆవిడ అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్. 2000లో జబ్బు బయటపడింది. మూడేళ్లకి వెనక్కి వాల్చుకునే వీల్‌చెయిర్. మొదట విటమిన్ మాత్రలు వేసుకుని, ఆ పోషకాలనే ఆహారంలోంచి తీసుకోవాలని 2007 చివర్లో తిండి మొత్తం మార్చేశారు. రోజుకి తొమ్మిది కప్పుల కూరగాయలు, పళ్లు. మరుసటి ఏడాది 18 మైళ్లు సైకిలు తొక్కారు. 2011లో ఆవిడ ఇచ్చిన టెడెక్స్ ప్రసంగాన్ని లక్షలమంది చూశారు. అయితే ఆవిడ అప్పుడే వ్యాయామంతో పాటు కండరాలకి విద్యుత్ ప్రేరణ చికిత్స కూడా తీసుకున్నారు. ఆవిడ దాచలేదు, పుస్తకంలో చెప్పారు. కానీ కథ నోటినోటికీ పాకేటప్పుడు కరెంటు రాలిపోయి కూరగాయలు మిగిలాయి. 'ఆకుకూరలు తిని వీల్‌చెయిర్లోంచి లేచింది' అన్నది కథ. 'ఆకుకూరలు, వ్యాయామం, విద్యుత్ ప్రేరణ, ఇంకొన్ని కలిసి, వీటిలో ఏది పనిచేసిందో తెలీదు' అన్నది కథ కాదు. ఒక కారణం, ఒక ఫలితం ఉంటేనే మనకి కథ అనిపిస్తుంది. ఆ తర్వాత వాల్స్ తన పద్ధతిని ఇతర రోగుల మీద పరిశోధనలుగా నడపడం మొదలుపెట్టారు. 'నా' అన్న మాట చాలదని ఒప్పుకోవడమే అది. నాకు ఆ పుస్తకం కన్నా ఆ ఒప్పుకోలు ఎక్కువ నచ్చింది.

కొయింబ్రా పద్ధతికి ఆ ఒప్పుకోలు ఇంకా రాలేదు. విటమిన్ డి కీ ఎమ్మెస్‌కీ సంబంధం లేదని కాదు. ఎండ తక్కువుండే దేశాల్లో జబ్బు ఎక్కువ. రక్తంలో డి తక్కువున్నవాళ్లకి ప్రమాదం ఎక్కువని కనిపిస్తూనే ఉంది. అయితే మందుగా ఇచ్చి చూసినప్పుడు ఫలితాలు చిందరవందరగా వచ్చాయి. 2023లో వెలువడిన ఒక అమెరికన్ ట్రయల్లో, మామూలు చికిత్సకి తోడుగా రోజుకి 5,000 యూనిట్లు తీసుకున్నవాళ్లకీ 600 తీసుకున్నవాళ్లకీ తేడా కనిపించలేదు. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ట్రయల్లో, జబ్బు తొలి సూచనతోనే వచ్చి ఇంకే మందూ మొదలుపెట్టనివాళ్లకి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు. రెండేళ్లలో జబ్బు చురుకుదనం కనిపించింది వాళ్లలో 60.3 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 74.1 శాతం మందికి. ఇది మంచి వార్తే. కానీ లెక్క చూడండి. రెండు వారాలకి లక్ష అంటే రోజుకి ఏడువేల చిల్లర. కొయింబ్రా మోతాదు దానికి ఎనిమిది తొమ్మిది రెట్లు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ మోతాదు మీద ఇలా చీటీ వేసి, ఎవరికేది ఇస్తున్నారో తెలీకుండా చేసిన పరీక్ష లేదు. 1930లు, 40లలో అమెరికాలో కీళ్లవాతానికి ఇంచుమించు ఇంతటి మోతాదుల్లోనే విటమిన్ డి ఇచ్చారు. అప్పుడూ బాగుపడ్డామని చెప్పినవాళ్లున్నారు. విషమై కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వరసగా బయటపడ్డాక ఆ మోజు చల్లారింది.

ఒత్తిడి గురించిన నియమం చిన్నదిగా కనిపిస్తుంది కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. పరీక్షలో పాసైతే మందు గొప్పదనం. ఫెయిలైతే నువ్వు మనసు ప్రశాంతంగా పెట్టుకోలేదు. ఏ మందైనా తప్పు రోగి మీదికి తోసేసే వీలు తనలోనే పెట్టుకుంటే, అది ఎప్పటికీ ఓడిపోదు. రోగి మాత్రం రెండుసార్లు ఓడిపోతుంది.

ఈ పుస్తకాల పక్కన పెట్టి చూడాల్సిన పాత పుస్తకం ఒకటుంది. బార్బెలియన్ అనే కలం పేరుతో 1919లో లండన్‌లో వచ్చిన 'ది జర్నల్ ఆఫ్ ఎ డిసప్పాయింటెడ్ మ్యాన్'. అసలు పేరు బ్రూస్ కమ్మింగ్స్, మ్యూజియంలో కీటకాల శాస్త్రవేత్త. జబ్బు పేరు డాక్టరుకి తెలుసు, ఇంటివాళ్లకి తెలుసు, పెళ్లి చేసుకోబోయే అమ్మాయికీ తెలుసు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. 1915లో సైన్యంలో భర్తీకి వైద్యపరీక్షకి వెళ్తుంటే డాక్టరు అంటించిన కవరు ఒకటిచ్చాడు. అక్కడ ఆ కవరు చూపించే అవసరం రాకుండానే పనికిరావు పొమ్మన్నారు. తిరుగురైల్లో కవరు చించి చదువుకుని తన జబ్బేమిటో తెలుసుకున్నాడు. ఆనాడు పేరు దాచడమే దయ అనుకున్నారు. నేడు పేరు చెప్పి 'చెప్పలేం' అంటున్నారు. మధ్యలో వందేళ్లు గడిచాయి.

ఆ డైరీ ఆఖర్న, బార్బెలియన్ డిసెంబర్ 31న చనిపోయాడని ఒక వాక్యం అచ్చయి ఉంటుంది. అది 1917 సంగతి. కానీ ఆయన చనిపోలేదు. 1919 అక్టోబర్ దాకా బతికే ఉన్నాడు, ముప్పై ఏళ్ల వయసులో, తన పుస్తకం మీద వచ్చిన సమీక్షలు చదువుకుంటూ. ఆ వాక్యం ఎందుకు రాసుంటాడా అని చాలాసేపు ఆలోచించాను. డైరీకి ఎక్కడో ఒకచోట ముగింపు కావాలి. ఈ జబ్బు ముగింపు ఇవ్వదు, సాగుతుంది. అందుకని ఆయన చావుని ముందే రాసుకున్నాడు. డొమెనె, వాల్స్ పుస్తకాలు స్వస్థతని ముందే రాసుకున్నాయి. రుచిలో ఇవి రెండూ పూర్తిగా వేరు. పనిలో మాత్రం ఒకటే. ఇంకా నడుస్తున్న జీవితాన్ని ఒక చివరి పేజీ దగ్గర ఆపడం.

ముగింపు లేకుండా రాయడం కుదురుతుందా అంటే కుదురుతుంది. నాన్సీ మేర్స్ అనే అమెరికన్ రచయిత్రి చేసి చూపించారు. ఆవిడకి ఎమ్మెస్. 1986లో 'ప్లెయిన్‌టెక్స్ట్' అనే సంపుటిలో తనని తాను 'క్రిపుల్' అని పిలుచుకుంటూ ఒక వ్యాసం రాశారు. మన మాటల్లో అవిటిది అన్నట్టు. మెత్తని మాటలేవీ ఆవిడ ఒప్పుకోలేదు. మనకి సర్కారువారు 'దివ్యాంగులు' అని నేర్పించారు కదా, ఆ మాటని ఆవిడ చేతిలో పెడితే ఏమనేదో ఊహించుకోవచ్చు. ఆ వ్యాసంలో కిందపడటాలున్నాయి, సిగ్గుపడటాలున్నాయి, భర్తా పిల్లలూ చేసే పనులున్నాయి, తన శరీరం మీద తనకే అసహ్యం వేసిన రోజులున్నాయి, వీటన్నిటి మధ్య బోలెడు హాస్యం ఉంది. మందు దొరికితే వద్దనేదేమీ కాదు. కాకపోతే ఆ మందు వచ్చేదాకా బతుకుని వాయిదా వేసుకోదు. 'ముందు' 'తర్వాత' అన్న రెండు ఫొటోలు ఆ వ్యాసంలో లేవు, 'ఇప్పుడు' ఒక్కటే ఉంది. డొమెనె పుస్తకంలో నాకు దొరకనిది ఇదే. అక్కడ జబ్బు ఉన్న కాలం అంతా గెలవాల్సిన కాలమే, బతకాల్సిన కాలం కాదు.

నా స్నేహితురాలికి ఫోన్ చేసి ఇవన్నీ ఇంత వివరంగా చెప్పలేదు. నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. తన ఒంటి గురించి చెప్పింది నిజమే అయుండొచ్చు. కానీ ఆ నిజం నీ ఒంటి గురించి ఏమీ చెప్పదు. ఏది చేసినా ఇప్పుడున్న మందు నీ అంతట నువ్వు ఆపకు, విటమిన్ మాట మీ న్యూరాలజిస్టుకి దాచకుండా చెప్పు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే నమ్మొద్దంటావా?" అంది.

"నమ్ము. సాక్ష్యంలాగా నమ్ము. ప్రిస్క్రిప్షన్‌లాగా వద్దు."

"నువ్వు చెప్పడం తేలికే."

నిజమే, తేలికే. నా కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి. దానికి నా దగ్గర జవాబు లేదు, విమర్శ దగ్గరా లేదు. ఒక పుస్తకం ఏం వదిలేసిందో చూపించగలం. ఆ పుస్తకం ఇచ్చిన ఆశ తీసేసిన చోట ఇంకేం పెట్టాలో మనకి తెలీదు. అందుకే తీసేయడానికి కూడా కాస్త జంకాలి.

వారం తర్వాత తను డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చింది. రక్తంలో డి తక్కువే ఉందట. ఆ 60 వేల సాషేలే రాశారు, వారానికొకటి. ఇంజెక్షన్ అలాగే కొనసాగించమన్నారు. ఆ సాయంత్రం మెసేజ్ పెట్టింది: "పుస్తకం 2016లో అయిపోయింది కదా. తర్వాత ఆవిడ ఎలా ఉంది?"

ఒక పాఠకురాలు ఈ పుస్తకాన్ని అడగాల్సిన సరైన ప్రశ్న అదేననిపించింది. పుస్తకంలో దానికి జవాబు ఉండదు. బార్బెలియన్ డైరీలోనూ ఉండదు. జవాబు పంపకుండా నాన్సీ మేర్స్ వ్యాసం పంపాను. "ఇందులో ఏ వైద్యమూ లేదు" అని ముందే చెప్పి.

"హమ్మయ్య" అని వచ్చింది.